నీతికి చందా ఎంత, అయ్యగారూ?

కోలారు బంగారు గనుల్లోని తెలుగు సంఘాల కాపరులకూ పెద్దలకూ:

నేను మారికుప్పంలో పుట్టి పెరిగినవాణ్ణి. మా ముత్తాత చిత్తూరు వైపు పల్లె నుంచి ఇక్కడికి వచ్చాడు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, ఆ పల్లెలన్నీ ఉత్తర ఆర్కాడులోనే ఉండేవి. తాత, నాన్న ఇద్దరూ గనిలోకి దిగినవాళ్లే. నాకు దిగే వయసు వచ్చేసరికి, 2001 ఫిబ్రవరి 28న, గని మూతపడింది. అప్పట్నుంచి ఈ ఊళ్లో చాలామందిలాగే తెల్లవారకముందు రైలెక్కి బెంగళూరు పోవడం, చీకటి పడ్డాక తిరిగి రావడం. కూర్చోడానికి చోటు దొరికిన రోజు బైబిలు చదువుకుంటాను. దొరకని రోజు పక్కవాడి ఫోన్లో మోగే ప్రసంగం వింటాను, వేరే దారి లేదు గనక. ఈ ఉత్తరం అలా విని విని రాస్తున్నది.

ముందు ఒక పుస్తకం సంగతి చెప్పాలి.

మా నాన్న 2009లో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు రాతిధూళి పీల్చిన ఊపిరితిత్తులు. చివరి రెండేళ్లూ పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకునే నిద్రపోయేవాడు. శవం ఇంట్లో ఉండగానే సంఘం నుంచి ఇద్దరు పెద్దలు వచ్చారు. ప్రార్థన చేశారు, బాగానే చేశారు. కాఫీ తాగాక ఒకాయన సంచీలోంచి పొడుగాటి లెక్కల పుస్తకం తీశాడు. ఎర్రగుడ్డ అట్ట, మూలల్లో దారాలు వేలాడుతున్నాయి. నాన్న పేరున్న పేజీ తెరిచి వేలు పెట్టి చూపించాడు. గని నడిచినన్నాళ్లూ నెలనెలా నీలం సిరాతో చందా అంకెలున్నాయి. ఆ తర్వాత గళ్లన్నీ ఖాళీ. "ఇది తీరిస్తే గాని గుడి గంట కొట్టడానికి లేదమ్మా, సంఘం రూలు" అన్నాడు. కోపంగా అనలేదు, మెల్లగానే అన్నాడు. మా అమ్మ ఒక్క మాటా మాట్లాడకుండా చెవుల కమ్మలు తీసి నా చేతిలో పెట్టింది.

రాబర్ట్‌సన్‌పేటలో తాకట్టు కొట్టువాడు కమ్మలు తక్కెడలో వేశాడు. మూడు గ్రాముల చిల్లర. గని చివరి రోజుల్లో టన్ను రాయి పిండినా అయిదు గ్రాముల బంగారం కూడా వచ్చేది కాదని నాన్న చెప్పేవాడు. ఆ కమ్మల కోసం భూమి కింద సుమారు ఒక టన్ను రాయి పగిలి ఉంటుందని కొట్టు ముందు నిలబడి లెక్క వేశాను. తండ్రి శవాన్ని ఇంట్లో పెట్టుకుని వేసే లెక్క కాదది. డబ్బు కట్టాం. గంట మోగింది. ఆ రోజు చేసిన ప్రసంగం, మీకు నవ్వొస్తుందో ఏడుపొస్తుందో, రోమా పత్రిక మీద. క్రీస్తునందు విశ్వాసముంచినవాడు ఉచితంగా నీతిమంతుడవుతాడని.

ఏ సంఘమో చెప్పను. ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. రూలు మాత్రం ఆ ఒక్క సంఘానిదే కాదని రైల్లో పదిమందిని అడిగితే తెలుస్తుంది.

మీలో ఎవరూ నీతి అమ్ముతామని పీఠం మీద నిలబడి చెప్పరు, నాకు తెలుసు. కాని ప్రసంగంలో అరగంట కృప అని చెప్పి, చివరి పది నిమిషాల్లో కానుక సంచీ తిప్పేటప్పుడు వేరే మాట చెబుతున్నారు. దశమభాగం ఎగ్గొట్టినవాడి ఇంట్లో రోగం పోదని, వెయ్యి విత్తితే పదివేలు కోస్తావని, ఉపవాస కూటానికి రానివాడి ప్రార్థన పైకప్పు దాటదని. కోత పండుగలో వేలంపాటలో గుమ్మడికాయ ఎక్కువకు పాడినవాణ్ణి ముందు వరసలో కూర్చోబెడుతున్నారు. ఇవన్నీ కలిపి వింటే ఒక కూలివాడికి ఏం అర్థమవుతుంది? దేవుడి దగ్గర కూడా హాజరుపట్టీ ఉందని, జీతం కోత ఉందని.

ఇందులో మన భాష తప్పు కూడా కొంత ఉందనిపిస్తుంది. తెలుగువాడికి నీతి అంటే కథ చివర వచ్చే మాట. బడిలో సుమతీ శతకం, నీతిచంద్రిక. నీతి అంటే నేర్చుకుని, నడుచుకుని, చెడకుండా కాపాడుకునేది. ఒకరి నీతి ఇంకొకరికి ఎలా ఇస్తారు? ఇక దానం అన్నామా, పుణ్యం ఇచ్చినవాడిది, చిన్నతనం పుచ్చుకున్నవాడిది. అందుకే నీతి అనే దానం అని పౌలు రాసింది చదివినప్పుడు రెండు పదాలూ మనకు అడ్డం తిరుగుతాయి. పౌలు చెబుతున్న నీతి నడవడిక కంటే ముందటి సంగతి. న్యాయస్థానంలో నిలబడ్డవాడి మీద వచ్చే తీర్పు అది. నిర్దోషివి, పో, ఇంటికి పో, ఈ ఇల్లు నీదే అనే తీర్పు.

రోమా పత్రిక మూడో అధ్యాయంలో మన తెలుగు బైబిలు వాడిన మాట 'ఉచితముగా'. ఆ మాట నాకు ఇష్టం. ఉచితానుచితాలు అన్నప్పుడు ఉచితం అంటే తగినది. ఉచిత బియ్యం అన్నప్పుడు వెల లేనిది. తగినదానికీ వెల లేనిదానికీ ఒకే మాట ఉన్న భాష మనది. పౌలు వాదమంతా ఆ రెండు అర్థాల మధ్యే ఉంది. తగనివాడికి వెల లేకుండా ఇచ్చి, ఇచ్చాక తగినవాడని పిలవడం.

నాలుగో అధ్యాయంలో ఆయన అబ్రాహాము సంగతి తీసి 'ఎంచు' అనే మాటను గ్రీకులో పదకొండుసార్లు వాడాడు. అది జమాఖర్చులు రాసేవాళ్ల మాట. ఫలానావాడి పేరు మీద ఇంత జమ అని రాయడం. అబ్రాహాము ఏం పని చేశాడని జమ కట్టారు? ఏమీ లేదు, నమ్మాడు. అప్పటికి సున్నతి లేదు, ధర్మశాస్త్రం లేదు, చందా పుస్తకం అసలే లేదు. పనిచేసినవాడికి ఇచ్చేది కూలి, అది యజమాని బాకీ, ఎవరి దయా కాదు. పని లేకుండా దేవుణ్ణి నమ్మినవాడికి దక్కేది బాకీ కాదు, కృప. రెండు ఖాతాలు. రెంటినీ కలపవద్దని పౌలు పోరు.

ఎంచడం అంటే ఏమిటో మన ఊరికి ఎవరూ చెప్పక్కరలేదు. మనల్ని తరతరాలుగా ఎంచుతూనే వచ్చారు. షిఫ్టు దిగి పైకొస్తే సోదా. బంగారం దాచావేమోనని బట్టలు, సంచులు తడిమి చూడటం. 1930లో కార్మికులందరి వేలిముద్రలు తీసుకోవాలని కంపెనీ చూస్తే గనుల్లో సమ్మె జరిగింది. మా తాత అప్పటికి కుర్రవాడు. ఆయన చెప్పిన మాట ఇంట్లో ఇప్పటికీ అనుకుంటాం: "దొంగతనం చెయ్యకముందే దొంగల పుస్తకంలో రాసుకుంటామంటే ఎట్లా ఒప్పేది?" చదువు లేని మనిషి. రోమా పత్రిక విన్నాడో లేదో నాకు తెలియదు. కాని సువార్తను తిరగేసి చూస్తే ఏముంటుందో ఆ ఒక్క మాటలో చెప్పేశాడు. కంపెనీ నేరం లేనివాణ్ణి దొంగగా ఎంచింది. సువార్తలో దేవుడు నేరమున్నవాణ్ణి నీతిమంతుడుగా ఎంచుతాడు. మనం ఏ పుస్తకం చేతపట్టుకుని ఇళ్లకు పోతున్నామో ఒక్కసారి చూసుకోండి. తాకట్టు చీటీ మీద మా అమ్మ కూడా వేలిముద్రే వేసింది.

ఉచితంగా నీతి అనే ఈ బోధ దొరల బంగళాల్లో పుట్టిందనుకుంటారు చాలామంది. దాని చరిత్రలో గనులే ఎక్కువ కనిపిస్తాయి. మార్టిన్ లూథర్ తండ్రి హన్స్, జర్మనీలోని మాన్స్‌ఫెల్డ్‌లో రాగి గనులూ కొలుములూ నడిపినవాడు. 1505 జులైలో పిడుగు దగ్గర్లో పడి హడలిపోయినప్పుడు లూథర్ కేక వేసి పిలిచింది అన్నమ్మగారిని. ఆమె గని కార్మికుల రక్షక పునీతురాలు. సన్యాసి అయి, ఉపవాసాలతో, జాగరణలతో ఒళ్లు గుల్ల చేసుకుని, ఇంకా ఎంత చేస్తే దేవుడు ఒప్పుకుంటాడని కుమిలిపోయిన మనిషికి రోమా పత్రిక మొదటి అధ్యాయంలో తలుపు తెరుచుకుంది. 1517లో ఆయన తగువు దేనితో మొదలైంది? డబ్బు కడితే పాపశిక్ష తగ్గుతుందని చీటీలు అమ్మినందుకు. టెట్జెల్ అనే ఆ అమ్మకందారు చేతిలో పెట్టె ఉండేది. మన పెద్దాయన చేతిలో పుస్తకం ఉండేది.

1738 మే 24 సాయంత్రం లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో, రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుంటే జాన్ వెస్లీ గుండె వెచ్చబడింది. మరుసటి ఏడాది ఆయన బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్ బొగ్గు కార్మికుల మధ్య, ఆరుబయట నిలబడి బోధించాడు. తర్వాత కార్న్‌వాల్ తగరం, రాగి గనులు. అక్కడ గ్వెన్నాప్ అనే చోట గని కుంగి నేల గిన్నెలా గుంటపడితే, ఆ గుంట గట్ల మీద జనం కూర్చుని వెస్లీ బోధ వినేవాళ్లు. కుంగిన నేల అంటే మన ఊళ్లో గుండె దడ. గని లోపల రాయి పేలి రాక్ బరస్ట్ జరిగిన రాత్రి ఇళ్లు ఊగితే ఆడవాళ్లు షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవాళ్లని అమ్మ చెప్పేది. కార్న్‌వాల్‌లో అలాంటి నేలనే గుడి చేసుకున్నారు. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ గనులు నడిపినప్పుడు కార్న్‌వాల్ పనివాళ్లే సముద్రం దాటి వచ్చారు. వాళ్ల పెట్టెల్లో వెస్లీ కూడా వచ్చాడు. దొరలు దొరలుగానే ఉన్నారు, వాళ్ల బంగళాల మెట్లు మనవాళ్లు తుడిచారు, అది వేరే సంగతి. రాగి, బొగ్గు, తగరం దాటుకుని బంగారం దాకా వచ్చిన మాట మాత్రం, పై నుంచి కిందికి దిగినవాడికి కింద నుంచి చెప్పిన మాట.

ఇక మన తెలుగు నేల. 1876–78 కరువులో ఒంగోలు ప్రాంతంలో మిషనరీ జాన్ క్లౌ దొర, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో ఉన్న మాదిగ పల్లెలకు పని ఇచ్చాడు, తవ్వినదానికి కూలి ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగితే పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో తనకూ వాళ్లకూ లోకానికీ తెలియకుండా పోతుందని. కరువు సాయం ఆపేశాక, ఇక గింజ కూడా దొరకదని తేలాక, అప్పుడు రమ్మన్నాడు. వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది. ఆ బాప్తిస్మాలిచ్చిన చేతులు తెలుగు బోధకులవే. ఏడాది చివరికి ఆ లెక్క తొమ్మిది వేలు దాటింది.

ఈ 2,222 అంకెను మీరు ప్రసంగాల్లో గొప్పగా చెబుతారు. నాకు ఆ పదిహేను నెలలే గొప్పగా కనిపిస్తాయి. తన కళ్లముందే సంఘం లావయ్యే అవకాశం ఉండగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు, రెండు ఖాతాలు కలిసిపోకూడదని. కాలువ తవ్వినందుకు ఇచ్చేది కూలి, అది బాకీ. నీటిలో ముంచి లేపేది కృప, దానికి తట్టెడు మట్టి కూడా మోయనక్కర్లేదు.

అదే కరువులో మన కోలారులో మిస్ ఆన్‌స్టీ అనే ఇంగ్లీషు ఆవిడ తల్లిదండ్రులు పోయిన పిల్లలను చేరదీసింది. 1890లో ఆ పని మెథడిస్టు మిషన్ చేతికి వెళ్లింది. రోడ్డు పక్క డొక్కలెండి పడున్న పిల్లవాణ్ణి ఎత్తుకునేటప్పుడు నీ నడత ఎలాంటిదని ఎవరడుగుతారు? ముందు గంజి. చదువు, క్రమశిక్షణ, పని అన్నీ తర్వాత.

మీ అభ్యంతరం నాకు వినిపిస్తూనే ఉంది. అంతా ఉచితమంటే జనం చెడిపోతారు, తాగి వచ్చి కూడా నేను నీతిమంతుణ్ణే అంటారు, సంఘం నడవాలంటే డబ్బు కావాలి, కరెంటు బిల్లు ఎవడు కడతాడు. కరెంటు బిల్లు నిజమే. దానికి చందా అడగండి, బల్ల మీద బిల్లు పెట్టి, ఇదిగో ఇంత వచ్చింది అని అడగండి, ఇస్తాం. దానికీ పరలోకానికీ ముడి పెట్టకండి. ఇక చెడిపోవడం సంగతి. ఆ ప్రశ్న మీకంటే ముందు పౌలుకే వచ్చింది, రోమా పత్రిక ఆరో అధ్యాయం దానితోనే మొదలవుతుంది. జక్కయ్యను చూడండి. నువ్వు ముందు దోచుకున్నది తిరిగి ఇచ్చేయ్, తర్వాత నీ ఇంటికి భోజనానికి వస్తానని యేసు అనలేదు. ముందు ఇంటికి వచ్చాడు. నాలుగింతలు తిరిగి ఇస్తాననే మాట ఆ తర్వాత దానంతట అదే వచ్చింది. అడగకుండా.

చెడిపోయేవాళ్లు ఉంటారు, కాదనను. కాని నేను చూసినంతలో మన జనానికి ఉచితంగా పుచ్చుకోవడమే చేతకాదు. మా నాన్న పక్కింటివాళ్లు పండక్కి పాయసం పంపినా గిన్నె ఖాళీగా తిరిగి పంపనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషికి కృప మింగుడుపడటం తేలికా?

మత్తయి ఇరవయ్యో అధ్యాయంలో ద్రాక్షతోట కూలీల కథ ఆయనకు అస్సలు నచ్చేది కాదు. నాన్న యూనియన్ మనిషి. "పొద్దుట్నించి ఎండలో పనిచేసినోడికీ సాయంత్రం అయిదింటికి వచ్చినోడికీ ఒకటే కూలంటే ఏ యూనియన్ ఒప్పుకుంటుందిరా? ఇది మేనేజ్‌మెంట్ రాసిన కథ" అనేవాడు. గుడిలో ఆ భాగం చదివితే కాళ్లు కదిలించేవాడు. గని మూశాక, బంగారుపేటలోనూ బెంగళూరులోనూ కూలి అడ్డాల మీద నిలబడ్డాడు. యాభై దాటినవాణ్ణి, దగ్గేవాణ్ణి ఎవడు పిలుస్తాడు? మేస్త్రీ వచ్చి కుర్రవాళ్లను ఏరుకుని పోయేవాడు. పదకొండింటిదాకా నిలబడి రైలెక్కి వచ్చేసేవాడు. ఒక రాత్రి, అప్పటికే మంచం పట్టాడు, నన్ను ఆ అధ్యాయం చదవమన్నాడు. చదివాను. యజమాని అయిదింటికి వెళ్లి రోజంతా ఖాళీగా ఎందుకు నిలబడ్డారని అడిగితే, మమ్మల్ని ఎవరూ పిలవలేదని వాళ్లు చెప్పేచోట ఆపమన్నాడు. "వాళ్లు సోమరిపోతులు కార్రా. అడ్డా మీదే ఉన్నారు" అన్నాడు. అంతే. వ్యాఖ్యానం ఏం చేయలేదు. దగ్గు వచ్చింది, పడుకున్నాడు, అంటే గోడకు ఆనుకున్నాడు.

మీలో చాలామంది బైబిలు కళాశాలల్లో చదివినవాళ్లు. విశ్వాసమూలంగా నీతిమంతులుగా తీర్చబడటం గురించి అంతకంటే మంచి వివరణ నేను వినలేదంటే నా మీద కోప్పడకండి. రోజంతా నిలబడ్డా ఎవడూ పిలవని మనిషిని పిలిచి, పూర్తి కూలి చేతిలో పెట్టడం. ఈ విషయం మీద ఒకరినొకరు శపించుకున్న కతోలికులూ లూథరన్లూ 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఒకే కాగితం మీద సంతకాలు చేశారు. మన అర్హత వల్ల కాదు, కృప వల్లనే దేవుడు అంగీకరిస్తాడని. 2006లో మెథడిస్టులూ చేరారు. చాంపియన్ రీఫ్‌లో విజయమాత గుడివాళ్లూ, మనమూ ఇన్నాళ్లూ పెళ్లి సంబంధాల దగ్గర కూడా పట్టుకుని పోట్లాడిన గొడవల్లో పెద్దది అక్కడ సగం పైగా తీరింది. మన వీధిదాకా ఆ కబురు రాలేదు.

ఇంకొక్క సంగతి. గని మూసినప్పుడు, కార్మికుల బకాయిల గురించి జనం గేటు ముందు కూర్చున్నప్పుడు, మీలో కొందరు పీఠం మీద నుంచి చెప్పారు: ఇచ్చింది పుచ్చుకోండి, దొరికిందే కృప అనుకోండి, సణగవద్దు అని. నేను చెవులారా విన్నాను. అయ్యా, పనిచేసినవాడి బకాయి కృప కాదు. మూడు కిలోమీటర్లు దాటిన లోతుకు, చేయి పెడితే కాలే రాతి మధ్యకు దిగి చేసిన పనికి రావలసిన బాకీ. క్రియల సంగతి వచ్చినప్పుడల్లా మీరు యాకోబు పత్రిక తీస్తారు కదా, అదే పత్రిక అయిదో అధ్యాయం తీయండి. బిగబట్టిన కూలి అరుస్తుందని, ఆ అరుపు దేవుడి చెవిన పడుతుందని ఉంది. కంపెనీ ఇవ్వాల్సిన బాకీని మీరు కృప అన్నారు. దేవుడు ఇచ్చిన కృపకు మాత్రం బాకీ పుస్తకం తెరిచారు. ఖాతాలు సరిగ్గా తారుమారయ్యాయి. కావాలని చేశారని నేననను. పేద సంఘం, పేద కాపరి, మీ ఇంట్లోనూ ఈ గని మూసినప్పటి నుంచే పొయ్యి చిన్నదయింది. కాని తారుమారైన మాట నిజం.

మా అమ్మ కమ్మలు విడిపించాం, నాలుగేళ్లు పట్టింది. ఆవిడ మళ్లీ పెట్టుకోలేదు, మనవరాలికి దాచింది. ఆ డబ్బు వెనక్కి ఇమ్మని రాయడం లేదు. ఉపవాస కూటాలు మానమనీ, చందాలు మానమనీ కూడా అడగడం లేదు. పుస్తకం ఉంచుకోండి, బిల్లులు రాసుకోండి. ఈసారి మారికుప్పంలోనో ఆండర్సన్‌పేటలోనో కోరమండల్ లైన్లలోనో ఎవరింట్లోనైనా చావు జరిగిందని కబురొస్తే మాత్రం, దాన్ని గుడి బీరువాలోనే పెట్టి తాళం వేసి, బైబిలు ఒక్కటి పట్టుకుని రండి. గంట కొట్టే పిల్లవాడికి ముందే చెప్పి బయల్దేరండి.

ఇట్లు,
మారికుప్పం గని కార్మికుడి కొడుకు